గెలాక్సీల ప్రమాద నివేదిక

రెండు సర్పిల గెలాక్సీలు ఢీకొంటున్నాయని తన వ్యాసానికి పేరు పెట్టడమే చుక్కలమ్మ కొంప ముంచింది. వాళ్ల పరిశోధనశాలలో ఏది దేన్ని గుద్దుకున్నా ఒక్కరోజులో భద్రతాధికారికి తెలపాలని నియమం. ఆ అధికారి సాక్షాత్తు ఆమె వదిన, అన్న భార్య. మర్నాడు పొద్దున్నే ఆవిడ ప్రమాదాల ఫారం పట్టుకుని వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎప్పుడు జరిగింది?"

"ముప్పై కోట్ల ఏళ్లయింది వదినా."

"ఆఫీసులో మేడమ్ అను. ఇంత ఆలస్యంగానా చెప్పేది?"

"వెలుగు ఇప్పుడేగా అందింది మేడమ్!"

'ఆలస్యానికి కారణం: వెలుగు' అని వదిన రాసుకుంది. "వేగం?"

"పెద్దది సెకనుకి రెండొందల ఇరవై కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. అంచుల్లోనూ అంతే."

"బరువు?"

"ఆ వేగాన్ని బట్టి లెక్కేస్తే, కనిపించే చుక్కల బరువుకి పదింతలుంది. మిగతాదేంటో ఎవరికీ తెలీదు."

"అంటే చెప్పకుండా సరుకెక్కించారన్నమాట."

మధ్యాహ్నానికల్లా ప్రమాదస్థలం చుట్టూ కట్టే పసుపు రిబ్బను వచ్చింది. గెలాక్సీలకు కట్టే వీల్లేక టెలిస్కోపుకు కట్టారు. విచారణ తేలేదాకా ఎవరూ చూడకూడదట. చుక్కలమ్మకు ఒళ్లు మండిపోయింది. మూడేళ్ల పని, చిన్న గెలాక్సీ తిరుగుడు ఇంకా సగమే కొలిచింది. అన్నకు ఫోన్ చేస్తే, "మీ ఇద్దరి మధ్యకి నన్ను లాగకే తల్లీ" అని పెట్టేశాడు.

చివరికి తనే వదిన గదికి వెళ్లి, గెలాక్సీల ఫొటో బల్లమీద పెట్టింది. వదిన చాలాసేపు చూసింది.

"ఎంతమందికి దెబ్బలు తగిలాయి?"

"ఒక్క చుక్కకీ తగల్లేదు. చుక్కల మధ్య బోలెడంత ఖాళీ. గ్యాస్ మాత్రం ఒత్తుకుపోయి..."

"గ్యాస్ లీకా!" వదిన లేచి నిలబడింది.

"కాదు వదినా! ఆ ఒత్తిడికి కొత్త చుక్కలు పుడుతున్నాయి. ఈ నీలం మెరుపంతా వాటిదే."

వదిన కళ్లద్దాలు సవరించుకుంది. 'మేడమ్ అను' అనలేదు. "ఇవన్నీ పసిబిడ్డలా?"

"ఊఁ. లక్షల్లో ఉంటాయి."

"ఆ ముక్క ముందే చెప్పొద్దుటే? పుట్టుకలకి ఫారం వేరు. రిబ్బను తీయించేస్తాను. కానీ ఒక్కోదానికీ ఒక్కో ఫారం నింపాలి."

ఆ వారంలోనే చుక్కలమ్మ కొలత ముగించింది. చిన్న గెలాక్సీ పెద్దదానికి ఎదురు దిశలో తిరుగుతోందని తేలింది. వ్యాసం అచ్చయింది. ఫారాలు మాత్రం ఇంకా నడుస్తున్నాయి. రోజూ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర చుక్కలమ్మ ఒక్కో చుక్క వయసు చెబుతుంది, వదిన రాస్తుంది. ఇప్పటికి నాలుగు వందల పన్నెండు పూర్తయ్యాయి. తల్లి పేరు దగ్గర పెద్ద గెలాక్సీని రాయాలా, చిన్నదాన్ని రాయాలా అనే విషయంలోనే ఇద్దరికీ పొసగడం లేదు. అన్న కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోతున్నాడు.