సుభాషిణి గారి పంచెల చాపు

నేను ఒక స్టూలును. వంటింట్లో పచ్చడి జాడీ అందుకోవడానికి ఎక్కే పీటను అనుకునేరు, కాదు. ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో, ఏటవాలు బల్ల ముందు వేసే ఎత్తు స్టూలును. నా మీద కూర్చున్న వాళ్ళు గీసిన ఇళ్ళలో సగం కాకినాడ కాపురం చేస్తోంది. నాలుగు కాళ్ళుండీ నేను మాత్రం ఏ గృహప్రవేశానికీ నడిచి వెళ్ళలేదు.

నన్ను చేసింది రాజమండ్రి వడ్రంగి. పడవకు పనికిరాదని పక్కన పడేసిన టేకు దుంగలోంచి తీశాడు. ఎవరి కొలత ప్రకారం చేస్తున్నావని అడిగితే తన కాళ్ళు చూపించేవాడు. ఆయన ఆరడుగుల మనిషి. పాదాలు ఆనించుకునే అడ్డకర్ర ఆయనకు హాయిగా అందేలా బాగా కిందకి బిగించాడు. లోకంలో అందరి కాళ్ళూ తన కాళ్ళంతే ఉంటాయని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆయన ఒక్కడిదే కాదని తర్వాత తెలిసింది.

కాకినాడలో ఆర్కిటెక్టు సదాశివరావు గారి ఆఫీసుకు వచ్చాను. అక్కడ గీసేవాళ్ళంతా మగవాళ్ళు. వెనక జేబులో దువ్వెన పెట్టుకుని కూర్చుని నా ఒళ్ళంతా గీకి పెట్టారు. ఆ రోజుల్లోనే ఒక ముచ్చట గమనించాను. ఇల్లు పూర్తయితే గృహప్రవేశం నాడు కట్టిన మేస్త్రికి పంచెల చాపు, అంటే పంచెలూ కండువా, పెట్టడం మన వైపు ఆచారం కదా, ప్లాను గీసినందుకు సదాశివరావు గారికీ ఒక చాపు పెట్టేవారు. ఆయన దాన్ని చంకలో పెట్టుకుని ఆఫీసుకొచ్చి, అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టేవారు. పక్కనే ఉన్న బీరువాలో పంచెల దొంతర సీలింగు వైపు ఎదుగుతుండేది. మనిషి మంచివాడే, కాస్త పొగడ్తంటే చెవి కోసుకుంటాడు.

అలాంటి ఆఫీసుకు మట్టా సుభాషిణి వచ్చింది. ఆర్కిటెక్చరు చదివి వచ్చిన తొలి ఆడపిల్ల. నేత చీర, భుజాన సంచి, చెవి వెనక పెన్సిలు. మొదటిరోజు నా మీద కూర్చుంటే కాళ్ళు అడ్డకర్రకు అందలేదు. గాలిలో వేలాడాయి. మధ్యాహ్నానికి తిమ్మిరెక్కి, దిగి కుంటుకుంటూ నడిచింది. పక్క బల్లల వాళ్ళు ముసిముసిగా నవ్వారు. నాకు సిగ్గేసింది.

సదాశివరావు గారు ఆమెకు వంటిళ్ళు అప్పగించారు. ఏ ఇంటి ప్లానైనా సరే, వంటిల్లు మాత్రం సుభాషిణి బల్ల మీదకి వచ్చేది. "ఆడపిల్లవి కదమ్మా, నీకు తెలుస్తుంది" అనేవారు. అసలు సంగతేమిటంటే ఆ అమ్మాయికి అన్నం వార్చడం రాదు. హాస్టల్లో పెరిగిన పిల్ల. ఆఫీసులో వంట బాగా తెలిసినవాడు దువ్వెన జేబు వెంకటరాజు, ఆయన గుత్తివంకాయ కూర చేస్తే వీధి చివరకు వాసన వచ్చేది. ఆయన్నెవరూ అడగలేదు. ఆయన సినిమా హాళ్ళు గీస్తూ కూర్చున్నాడు.

నెల తిరక్కుండా సుభాషిణి ఊళ్ళో వడ్రంగిని పిలిపించి నాకు జానెడు పైన ఇంకో అడ్డకర్ర కొట్టించింది. మేకు దిగుతుంటే నొప్పి పుట్టింది కానీ, ఆమె పాదాలు రెండూ దాని మీద ఆనినప్పుడు ఆ బాధ మరిచిపోయాను.

"ఆఫీసు స్టూలుకి కొత్త కర్ర ఎందుకమ్మా?" అన్నారు సదాశివరావు గారు.

"నా కాళ్ళు సాగదీయించుకోవడం కుదర్లేదు సార్" అంది.

అందరికంటే ముందు నవ్వింది వెంకటరాజే.

ఆ తర్వాత కూరగాయల మార్కెట్టు పని వచ్చింది. పాతది కూలిపోతుంటే మున్సిపాలిటీ కొత్తది కట్టించాలనుకుంది. చిన్న పని, డబ్బు తక్కువ, పేరూ రాదు. మగవాళ్ళెవరూ ముట్టుకోలేదు. నేను చేస్తానంది సుభాషిణి. చేయడమే కాదు, నన్ను రిక్షాలో వేసుకుని మార్కెట్టుకు బయలుదేరింది. నా జీవితంలో అదే మొదటి షికారు.

అక్కడ అమ్మేవాళ్ళంతా ఆడవాళ్ళే. పాత మార్కెట్టులో అరుగులు మాత్రం నిలబడి అమ్మే మగవాడి నడుమెత్తున ఉన్నాయి. వీళ్ళు బుట్టతో సహా దానిమీదకి ఎగబాకి, రోజంతా ముడుచుకుని కూర్చుంటారు. సుభాషిణి ఒక్కొక్కరినే నా మీద కూర్చోబెట్టింది, కింద కూర్చోబెట్టింది, చెయ్యి చాపమంది, టేపుతో కొలిచింది. వంకాయలమ్మే అచ్చియ్యమ్మ నా మీదకెక్కి, కాళ్ళు పై కర్ర మీద పెట్టుకుని ఊరంతా చూసింది.

"నా పెళ్ళికి జాకెట్టు కుట్టినోడు కూడా ఇన్ని కొలతలు తియ్యలేదమ్మగారండి" అంది.

నవ్వులు ఆగాక సుభాషిణి మంచినీళ్ళ కుళాయి ఎక్కడ కావాలని అడిగింది. అచ్చియ్యమ్మ మొహంలో నవ్వు తగ్గింది. "నీళ్ళెందుకండి? పొద్దున్న బయల్దేరితే ఇంటికెళ్ళేదాకా మేం చుక్క ముట్టుకోవండి. తాగితే ఎక్కడికెళ్తావండి ఇక్కడ?"

సుభాషిణి టేపు చుట్టేసింది. తిరిగొచ్చి బల్ల ముందు కూర్చుని అన్నిటికంటే ముందు ఆడవాళ్ళ మరుగుదొడ్లు గీసింది. తర్వాత కుళాయి, తర్వాత మోకాలెత్తు అరుగులు, ప్రతి అరుగు వెనకా చంటిపిల్ల పడుకునేంత నీడ. రోజుల తరబడి ఆ మార్కెట్టు నా మీదే పెరిగింది. ఆమె పాదాలు తాళం వేస్తుంటే పై కర్రలో నాకు తెలిసేది.

ప్లాను పూర్తయ్యాక ఒకే ఒక్క కోరిక కోరింది. "సార్, దీని మీద నా పేరుండాలి."

ఆ ఆఫీసులో గీసింది ఎవరైనా, ప్లాను కింద ఉండేది సదాశివరావు గారి పేరే. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆడపిల్ల గీసిందంటే కౌన్సిల్లో తలొక వంకా పెడతారమ్మా. ముందు ఆ దొడ్లే తీసేయమంటారు. నా పేరుంటే నీ ప్లాను బతుకుతుంది. నీ ఇష్టం."

పేరు కావాలా, ప్లాను కావాలా అంటే ఆమె ప్లాను బతికించుకుంది. ఆ సాయంత్రం నా మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది. నాకు చేతులుంటే బాగుండుననిపించింది.

మార్కెట్టు గీసినట్టే లేచింది. ప్రారంభోత్సవానికి కుర్చీలు చాలక ఆఫీసు స్టూళ్ళు కూడా పట్టుకెళ్ళారు. అలా నేను పందిట్లో చిట్టచివర గుంజ పక్కన పడ్డాను. నా మీద సుభాషిణి. ఎదురుగా శిలాఫలకం. దాని మీద చైర్మన్ గారు, కౌన్సిలర్లు, కాంట్రాక్టరు, సదాశివరావు గారు ఉన్నారు. కొబ్బరికాయ కొట్టిన చైర్మన్ గారి బావమరిది కూడా ఉన్నాడు. సుభాషిణి లేదు.

ఉపన్యాసాలయ్యాక అచ్చియ్యమ్మ పళ్ళెం పట్టుకుని వేదిక ఎక్కింది. తాంబూలం, దాని పక్కన జరీ అంచు పంచెల చాపు. ఆడవాళ్ళంతా తలా కాస్త వేసుకుని కొన్నారట. సదాశివరావు గారు అలవాటు ప్రకారం లేచి, చొక్కా సర్దుకుని చేతులు చాపారు. అచ్చియ్యమ్మ ఆయనకు తల వంచి, "తమరికి దణ్ణం బాబుగారు. ఇయ్యి కట్టినోళ్ళకండి" అని మెట్లు దిగింది. పందిరంతా దాటుకుని గుంజ దగ్గరికొచ్చి సుభాషిణి ముందు ఆగింది.

చైర్మన్ గారు మైకులోనే నవ్వారు. "ఆడమనిషికి పంచెలేంటమ్మా? బజార్లో చీరలు అయిపోయాయా?"

అచ్చియ్యమ్మకు మైకు అక్కర్లేదు. వంకాయలమ్మిన గొంతు. "చీరైతే మేం చుట్టపుచూపుగా వచ్చినావిడకీ పెడతావండి. కట్టిన మేస్త్రికి పెట్టేది పంచెలండి. మమ్మల్ని కొలిచిందీవిడ, మాకు కట్టిందీవిడ. అందుకని ఈవిడకే పెడతన్నావండి."

పందిట్లో ఆడవాళ్ళు ఈలలు వేశారు. ఈల వేయడం రానివాళ్ళు పళ్ళేలు వాయించారు. సుభాషిణి లేచి నిలబడి పంచెలు అందుకుంది. కండువా అచ్చియ్యమ్మే ఆమె భుజాన వేసి, మళ్ళీ నా మీద కూర్చోబెట్టింది. ఎందరినో మోశాను కానీ అంత తేలికైన మనిషిని ఆ రోజే మోశాను.

సదాశివరావు గారు చాపిన చేతులు ఏం చేయాలో తెలియక కాసేపు చూసి, వాటితోనే చప్పట్లు కొట్టారు. మర్నాడు ఆఫీసులో మార్కెట్టు ప్లాను తీయించి, తన పేరు పైన 'రూపకర్త: మట్టా సుభాషిణి' అని తన చేత్తోనే రాశారు. అక్షరాలు చిన్నవే. అయినా ఆమె వాటిని మూడుసార్లు చదువుకుంది. వంటిళ్ళు అప్పటినుంచి వెంకటరాజుకు వెళ్ళాయి. ఆయన బ్రహ్మాండంగా గీశాడు.

కొన్నేళ్ళకు ఆమె సొంత ఆఫీసు పెట్టుకుంటూ సదాశివరావు గారిని అడిగి నన్నొక్కదాన్నే తెచ్చుకుంది. ఆ పంచెల్లో ఒకటి చింపి నాకు మెత్త కుట్టించింది. జరీ అంచు మెత్త ఉన్న స్టూలు కాకినాడలో నేనొక్కదాన్నే. ఇప్పుడు ఇక్కడందరూ కంప్యూటర్ల మీద గీస్తున్నారు. ఎత్తు బల్లలు పోయాయి. నన్ను కిటికీ దగ్గర వేశారు. పొడుగు పిల్లలు కింది కర్ర మీద, పొట్టి పిల్లలు పై కర్ర మీద పాదాలు పెట్టుకుని టీ తాగుతారు. నాకు ఊసుపోని బాధ లేదు.

ఇవాళ ఉదయం షాహీన్ గుమ్మంలోంచే పిలుస్తూ వచ్చింది. ఈ ఆఫీసులో చేరాక ఆ పిల్ల సొంతంగా గీసిన మొదటి ఇల్లు, నిన్ననే గృహప్రవేశం. చంకలో ఒక పొట్లం ఉంది. సుభాషిణి కళ్ళజోడు పైకెత్తి చూసింది. ఆమె జుట్టు ఇప్పుడు నా మెత్త అంత తెల్లగా ఉంటుంది.

"ఏం పెట్టారే, చీరా?"

"విప్పి చూడండి మేడమ్."

పంచెల చాపు.

"అడిగి పుచ్చుకున్నావా?"

"లేదు మేడమ్. వాళ్ళే కొని ఉంచారు."

సుభాషిణి చాపు అందుకుంది. కండువా విప్పి షాహీన్ భుజాన వేసి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా మీద కూర్చోబెట్టింది. పాదాలు పై కర్రకు సరిగ్గా అందాయి.