గజానికి నాలుగు వేళ్ళు తక్కువ

ఆ కుక్కకు గజం అని పేరు పెట్టింది టైలరే. జంతువుల సంరక్షణ కేంద్రం నుంచి డాక్టరమ్మ దాన్ని ఛాతీ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి వేసి జాగ్రత్తగా లోపలికి తెచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా మనుషుల్ని కొలుస్తున్న కన్ను ఊరుకోదు కదా, "ముక్కు నుంచి తోక చివరిదాకా సరిగ్గా గజం" అన్నాడు ఆయన. కుక్కకు ఆ పేరు నచ్చిందో లేదో ఎవరికీ తెలీదు. నేలమీద దింపీ దింపగానే బట్టల తానులు పెట్టే బీరువా కిందికి దూరిపోయింది. పొట్టి కాళ్ళూ పొడుగాటి ఒళ్ళూ ఉన్న డాక్స్‌హండ్ జాతిది కాబట్టి అంత సందులోనూ పట్టింది. తోక కొస కూడా బయటికి కనపడనివ్వలేదు.

డాక్టరమ్మ స్టూలు మీద కూర్చుని విషయం విడమరిచి చెప్పింది. "మెట్లు ఎక్కనివ్వకండి, మంచం మీంచి దూకనివ్వకండి. ఇంత పొడుగు వెన్ను తట్టుకోలేదు. ముందున్న ఇంట్లో చాలా దెబ్బలు తింది. దేంతో కొట్టేవాళ్ళో మాకూ తెలీదు. వీపు మీద మూడు చోట్ల వెంట్రుకలు మళ్ళీ మొలవలేదు. నెల రోజులు చూద్దాం. మీ ముగ్గురి దగ్గరికీ తనంతట తానుగా వస్తే ఇక మీదే. ఏ ఒక్కరిని చూసి భయపడుతున్నా నేను వెనక్కి తీసుకెళ్ళాల్సిందే. భయపడుతూ బతికింది చాలు దానికి."

ముగ్గురంటే టైలరు, కాజాలు కుట్టి బొత్తాలు వేసే ఆయన భార్య, ఇస్త్రీ చేసే ఆయన అక్క. ముందు గదిలో కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. అక్క ఇస్త్రీపెట్టె ఎంత వేడిగా ఉంటుందో నోరూ అంతే.

"కుక్కకు చాకిరీ చేసే ఓపిక నాకు లేదు. నా జోలికి రాకుండా చూసుకోండి" అని మొదటి రోజే తేల్చి చెప్పేసింది అక్క.

నిజానికి కుక్క కావాలని పట్టుబట్టింది టైలరొక్కడే. సంరక్షణ కేంద్రం వాళ్ళు జంతువులకు పరుపు గలీబులు కుట్టమంటే, కుట్టి ఇవ్వడానికి వెళ్ళాడు. అక్కడ కుక్కలన్నీ కమ్మీల దగ్గరికొచ్చి మొరుగుతుంటే ఇదొక్కటే గోడవైపు ముఖం పెట్టి కూర్చుని ఉంది. పిలిచినా తిరగలేదు. ఆ పూట ఆయనకు ముద్ద దిగలేదు. వారం తిరక్కుండానే భార్యను ఒప్పించాడు, అక్క ఒప్పుకోకపోయినా ఒప్పుకున్నట్టే అనుకున్నాడు.

నాలుగో రోజుకు గజం టైలరు భార్య అరచేతిలోంచి అన్నం తింది. ఆరో రోజుకు, ఎవరి జోలికి రాకూడదో ఆవిడ జోలికే వెళ్ళింది. ఇస్త్రీబల్ల కింద వెచ్చగా ఉంటుందని కనిపెట్టి అక్క పాదాల పక్కన చుట్ట చుట్టుకుని పడుకుంది. అక్క కదలకుండా గంటసేపు ఒక్క చొక్కానే ఇస్త్రీ చేసింది. "కాలు తిమ్మిరెక్కింది, ఈ దిక్కుమాలినదాన్ని తీయండి" అని గుసగుసగా సణిగింది గానీ ఎవరినీ తీయనివ్వలేదు.

టైలరు దగ్గరికి మాత్రం రాలేదు. రాకపోగా, ఆయన గుమ్మంలో అడుగు పెడితే చాలు, పొట్ట నేలకు ఆనించి పాకుతూ బీరువా కిందికి పోయేది. రెండుసార్లు ఆయన వంగి పిలవబోతే అక్కడే తడిపేసింది. ఆయన గుడ్డ తెచ్చి తుడిచాడు.

"నా ముఖంలో ఏముందే?" అని భార్యను అడిగాడు.

"మీసం ఉంది. ఆ కొట్టినవాడికీ మీసం ఉండేదేమో" అంది ఆవిడ, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

మర్నాటి పొద్దున మీసం లేదు. పెళ్ళికి ముందు నుంచి ఉన్న మీసం. గజం కాసేపు చూసి బీరువా కిందికి పోయింది. ఒకవేళ కళ్ళజోడేమోనని అదీ తీసేసి, ఒకాయన కోటుకు జేబు తలకిందులుగా కుట్టాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. చెప్పులు విప్పి వేళ్ళ మీద నడిచాడు. పెరట్లోకి రెండు మెట్లుంటే, పాత ఇస్త్రీబల్ల చెక్క వాటిమీద ఏటవాలుగా వేసి, కాలు జారకుండా కంబళి ముక్క బిగించాడు. గజం దానిమీద దర్జాగా ఎక్కి దిగుతూ ఉండేది, టైలరు కనపడనంత సేపూ.

"ఒరే తమ్ముడూ, మీసం తీసినందుకు కుక్క రాలేదు సరికదా, వచ్చే బేరం కూడా నువ్వెవరో తెలీక వెనక్కి పోతోంది" అంది అక్క.

మామూలుగా అయితే దీటుగా జవాబిచ్చేవాడే. ఆ రోజు ముఖం చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అక్కకు నాలుక కరుచుకోవాలనిపించింది, అంత తొందరగా ఎప్పుడూ అనిపించదు.

ఇరవై రోజులు గడిచాయి. ఇంట్లో ఎవరూ రోజులు లెక్కపెట్టనట్టే ఉన్నారు, అందరూ లెక్కపెడుతూనే ఉన్నారు.

ఇరవై ఒకటో రోజు, పక్కింటావిడ కిటికీలకు తెరలు కావాలంటే కొలతలు తీసుకోవడానికి టైలరు భార్య వెళ్ళింది. టైలరు కొట్లో చాప మీద కాళ్ళు చాపుకుని ఒక చీరకు అంచు కుడుతున్నాడు. కాసేపటికి పాదానికి ఏదో తగిలింది. దారపు ఉండ దొర్లిందనుకున్నాడు. వెచ్చగా ఉంది. చూస్తే గజం. ఆయన పాదం మీద గడ్డం ఆనించి, చెవులు అటూ ఇటూ పరిచేసి, కళ్ళు మూసుకుంది.

టైలరు చేతిలో సూది గాల్లోనే ఆగింది. దగ్గొస్తే మింగేశాడు. ఎందుకొచ్చిందో, ఇవాళ తనలో ఏం మారిందో ఆయనకు అంతుపట్టలేదు.

అప్పుడు భార్య వచ్చింది. "ఏడు కిటికీలండీ" అంటూ గుమ్మం దాటిందో లేదో గజం ఉలిక్కిపడి లేచింది. పదిహేడు రోజులుగా ఎవరి చేతిలో తింటోందో ఆవిడను చూసి, పొట్ట నేలకు ఆనించి, వణుకుతూ బీరువా కిందికి పాకింది.

"నేనేం చేశాను?" అందావిడ.

టైలరు చెయ్యి అలవాటుగా మెడ మీదికి పోయింది. అక్కడేమీ లేదు. భార్య మెడ వంక చూశాడు. పసుపురంగు టేపు అటొక కొస, ఇటొక కొస వేలాడుతూ, ఆవిడ నడిచినప్పుడల్లా ఊగుతోంది.

"తియ్యి. మెల్లిగా తీసి నీ వెనక పెట్టుకో" అన్నాడు.

ఆవిడ తీసింది. చాలాసేపటికి బీరువా కింద నుంచి ముక్కు బయటికొచ్చింది. ఆ తర్వాత మిగతా పొడుగంతా నిదానంగా వచ్చింది. బెల్టుతోనో తోలుపట్టీతోనో కొట్టి ఉంటారు. పొద్దున లేస్తే నిద్రపోయేదాకా దాని ఎదుట ఆ పట్టీ వేలాడేసుకుని తిరిగింది తనే. తెలిసి చేసింది కాకపోయినా తప్పు తనదే అనిపించింది టైలరుకు. టేపు లేకుండా ఆయన్ని ఆయనే ఊహించుకోలేడు. అది మెడలో పెట్టుకుని ఇల్లంతా టేపు కోసం వెతికిన రోజులున్నాయి. చుట్టచుట్టి డబ్బాలో పెట్టి, డబ్బాను అటక మీద పెట్టేశాడు.

"మరి కొలతలు?" అంది అక్క.

"మా గురువుగారు నేర్పిన పద్ధతి ఉందిగా."

గురువుగారు కాగితపు పట్టీలతో కొలిచేవాడు. నడుముకొక గాటు, ఛాతీకొక గాటు, చేతి పొడుగుకొక గాటు, పట్టీ మీద మనిషి పేరు. టైలరు పాత వార్తాపత్రికలు సన్నగా కత్తిరించి పొడుగాటి పట్టీలుగా అతికించుకున్నాడు. అవసరమైనప్పుడు తీసి, పని కాగానే సొరుగులో పెట్టేసేవాడు. ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చిన లాయరు నవ్వాడు.

"ఏమయ్యా, ఇంత సీనియర్‌వి, టేపు లేదా?"

"టేపైతే అంకె చెప్పేస్తుంది సార్. కాగితానికి నోరు లేదు."

లాయరు తన పొట్ట వంక ఒకసారి చూసుకుని, ఇక నుంచి తనకు కాగితంతోనే కొలవమన్నాడు.

గజం ఒక్కరోజులో మారిపోలేదు. అలా మారిపోయిందంటే నేను అబద్ధం చెప్పినట్టే. ముందు ఆయన ఉన్న గదిలో ఉండటం నేర్చుకుంది. తర్వాత ఆయన లేచినా పారిపోకుండా ఉండటం. ఇరవై ఎనిమిదో రోజున ఆయన చాప మీద కూర్చుని చెయ్యి పక్కన పెట్టుకుంటే, వచ్చి ఆ చేతి పక్కన పడుకుంది. టైలరు చెయ్యి మెల్లిగా ఎత్తి దాని ముక్కు దగ్గర నుంచి జానలు వేసుకుంటూ పోయాడు. ఒకటి. వెంట్రుకలు మొలవని చోట్ల వేలు ఆనకుండా రెండు. మూడు. నాలుగు జానలైతే గజం. తోక చివరికొచ్చేసరికి నాలుగో జానలో నాలుగు వేళ్ళ వెడల్పు మిగిలిపోయింది.

"గజానికి నాలుగు వేళ్ళు తక్కువ" అన్నాడు. కంటి కొలత తప్పినందుకు ఆయన జీవితంలో సంతోషించింది అదే మొదటిసారి.

ముప్పయ్యో రోజు పొద్దున డాక్టరమ్మ వచ్చింది. టైలరు మిషను దగ్గర లాయరు ప్యాంటు కుడుతున్నాడు. భార్య బొత్తాల డబ్బా ముందు, అక్క ఇస్త్రీబల్ల దగ్గర ఉన్నారు. గజం గది మధ్యలో పడుకుని ఉంది. డాక్టరమ్మ అంతా చూసి తలాడించింది, కాగితాల కోసం సంచిలో చెయ్యి పెట్టింది. కాగితాలతో పాటు ఒక ఎర్రటి పట్టీ జారి, సంచి అంచున వేలాడింది. ఇంకో కుక్క మెడకు కట్టడానికి తెచ్చుకున్నది.

గజం చూసింది. ఒళ్ళంతా బిగుసుకుంది. బీరువా దానికి రెండడుగుల దూరంలోనే ఉంది. ఇక అంతే, నెల రోజులూ నీళ్ళపాలే అనుకున్నాడు టైలరు.

గజం పరుగెత్తింది. బీరువాను దాటింది. అన్నం పెట్టిన మనిషిని దాటింది, వెచ్చటి ఇస్త్రీబల్లను దాటింది. మిషను కిందికి దూరి, తొక్కే పలక మీదికెక్కి, టైలరు రెండు కాళ్ళ మధ్య వీపు ఆనించి నిలబడి, ఎర్ర పట్టీ వైపు చూస్తూ సన్నగా గుర్రుమంది.

డాక్టరమ్మ పట్టీని గబగబా సంచిలో కుక్కేసింది. "నాదే పొరపాటు" అంది. తర్వాత కలం తీసి, ఇంకేమీ అడక్కుండా సంతకం చేసింది.

టైలరు కాగితం వంక చూడలేదు. కళ్ళు నిండి ఏమీ కనపడటం లేదు కూడా. రెండు మోకాళ్ళూ దగ్గరికి తెచ్చి అలాగే కూర్చున్నాడు.

"లాయరు గారు పదింటికి వస్తానన్నారు. ప్యాంటు?" అంది అక్క.

"రేపు రమ్మను" అన్నాడు.

ఆ పూట మిషను తొక్కలేదు.