హంతకుడి నడక

సీరియల్లో ఎవరు నడిచినా ఆ చప్పుడు నాదే. అడుగుల శబ్దం షూటింగులో సరిగా పడదు. అందుకని స్టూడియోలో తెర ముందు నిలబడి హీరోయిన్ చెప్పులూ, పోలీసు బూట్లూ అన్నీ నేనే తొడుక్కుని నడుస్తాను. "మా కోడలు కాళ్లతో సంపాదిస్తుంది" అని అత్తయ్య అందరికీ చెప్పి నన్ను ఏడిపిస్తుంది.

ఇప్పుడొస్తున్న థ్రిల్లర్‌లో హంతకుడి ముఖం ఇంకా చూపించలేదు. ఈ ఎపిసోడ్‌లో మొదటిసారి అతని అడుగులు వినిపించాలి. "వింటేనే గుండె ఝల్లుమనాలి" అన్నాడు డైరెక్టర్. రకరకాలుగా నడిచి చూపించాను. ఏదీ నచ్చలేదు. విసిగిపోయి, కుడికాలు గట్టిగా వేసి ఎడమకాలు ఈడ్చాను. అదే ఖాయమైంది.

ఆ ఎపిసోడ్ వచ్చిన సాయంత్రం ముగ్గురం టీవీ ముందు చేరాం. అత్తయ్యకు థ్రిల్లర్లంటే పిచ్చి, భయమూ అంతే. దిండు అడ్డం పెట్టుకుని ఒంటి కంటితో చూస్తుంది. తెర మీద హీరోయిన్ బల్ల కింద నక్కింది. బయట అడుగులు మొదలయ్యాయి. టక్, జర్ర్. టక్, జర్ర్. మావారు సోఫా మీదికి కాళ్లు లాక్కున్నారు.

అత్తయ్య మాత్రం దిండు పక్కన పెట్టేసి, మా వీధి తలుపు వైపు తిరిగింది. ముఖం వెలిగిపోయింది. అంతలోనే చిన్నబోయింది.

"అది మీ మామయ్య నడక కదే!" అంది.

నిజమే, ఆయనదే. బస్సు నడిపి నడిపి, క్లచ్ తొక్కి తొక్కి మామయ్య ఎడమ మోకాలు అరిగిపోయింది. పోయినేడు ఆయన పోయేదాకా రోజూ ఆ చప్పుడు విన్నాను. రోజూ ఆలస్యమే. అత్తయ్య నిలదీస్తే "బస్సు దొరకలేదు" అనేవారు, బస్సు నడిపే మనిషి! అలాంటి మనిషి నడకను తీసుకెళ్లి హంతకుడికి అంటగట్టాను.

"తెలియక చేశాను అత్తయ్యా. వచ్చే ఎపిసోడ్ నుంచి మార్చేస్తాను."

"మార్చావంటే ఊరుకోను."

లోపలికి వెళ్లి మామయ్య బూట్లు తెచ్చి నా ముందు పెట్టింది. "ముందు ఆ టీవీ ఆపరా!" అని కొడుకును కసిరి, నాతో మెల్లగా అంది. "ఇవేసుకుని ఒక్కసారి నడువమ్మా. గుమ్మం దగ్గర్నుంచి."

బూట్లు బాగా వదులు. గుమ్మం బయటికి వెళ్లి లోపలికి నడిచాను. అత్తయ్య కళ్లు మూసుకుంది.

"ఇంత ఆలస్యమైందేం?" అంది.

ఎడమకాలు ఈడుస్తూ ఇంకో అడుగు వేశాను.

"బస్సు దొరకలేదు" అన్నాను.

అత్తయ్య నవ్వింది. కళ్లు తెరవకుండానే పక్కకు జరిగి, సోఫాలో చోటిచ్చింది.