ఒళ్ళో పిల్లకు సీటెందుకు

పూరీల పిండి పిసుకుతున్న చందనకు వరండాలోంచి అత్త మాట వినబడింది. "గా కుర్చీని రేపు కార్ల పెట్టనియ్యకు. ఒళ్ళో పిల్లకు సీటెందుకురా?" ఇంద్రమ్మ అడిగింది కొడుకునే గాని, గొంతు మాత్రం వంటింటి దాకా చేరేటంత పెంచింది. ఈ ఇంట్లో కోడలికి చెప్పాల్సినవన్నీ ఇట్లా భాస్కర్ మీదుగానే వస్తాయి. ఎదురుగా చెప్తే ఎదురు జవాబు వినాల్సి వస్తుంది, అదో తిప్పలు. భాస్కర్ ఫోన్‌లోంచి తలెత్తకుండా "చూద్దాం తియ్యే" అన్నాడు. అతను చూద్దామన్నాడంటే అమ్మ మాటే ఖాయమని చందనకు నాలుగేళ్ళ కాపురంలో అర్థమైపోయింది.

రేపు సుహాసినికి పుట్టు వెంట్రుకలు తీయించాలి. పిల్లకు పదకొండో నెల నడుస్తోంది, ఇది దాటితే మళ్ళీ మూడో ఏడు దాకా ఆగాలి. ఝరాసంగం గుళ్ళో తీయిస్తానని మామ జగన్నాథ్ మొక్కుకున్నాడు. చందన తమ్ముడు మధు మేనమామ హోదాలో నేరుగా అక్కడికే వస్తాడు. నారాయణఖేడ్ నుంచి బయల్దేరేది ఆరుగురు: అత్త, మామ, భాస్కర్, ఆడబిడ్డ గీత, ఆమె భర్త, చందన. మాట్లాడుకున్న నందీశ్వర్ కారులో డ్రైవరు గాక సీట్లు ఆరు. సరిగ్గా సరిపోయిందని అందరూ సంబరపడ్డారు. పిల్లను ఎవరూ లెక్కపెట్టలేదు. పిల్ల తల్లి ఒళ్ళో ఉంటుంది గదా, తల్లి వెనక వరుసలో ఉంటుంది గదా.

ఆ వెనక వరుస చందనకు పెళ్ళినాడే రాసిచ్చినట్టయింది. ముందు సీటు అల్లుడిది, మర్యాద. నడుమ వరుస పెద్దవాళ్ళది, ఆడపిల్లది. చివర్న టైరు మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు, కాళ్ళ కింద టిఫిన్ గిన్నెలతో కోడలు. ఎవరికి దూపైనా నీళ్ళ సీసా ఆమె దగ్గరే, ఎవరికి వాంతి వచ్చినా కవరు ఆమె దగ్గరే. ఆ మూల కూర్చుంటే ఆమెకే కడుపులో తిప్పుతుందన్న సంగతి ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. అడగనిది చెప్పకూడదని ఎక్కడ నేర్చుకుందో ఆమెకే తెలియదు. తన ఒక్క ప్రాణమే అయినన్నాళ్ళు సరే. ఇప్పుడు ఒళ్ళో ఇంకో ప్రాణం ఉంది.

చందన ఒక ప్రైవేటు దవాఖానలో స్టాఫ్ నర్సు. వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం శివమ్మ అనే ఆమెను, ఆమె బిడ్డను అంబులెన్సులో తెచ్చారు. కల్హేర్ దిక్కు పల్లె. అద్దె జీపులో ముందు సీట్లో బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బర్రె అడ్డమొస్తే డ్రైవరు బ్రేకు కొట్టాడు. జీపుకు సొట్ట కూడా పడలేదు. శివమ్మకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. ఏడు నెలల బిడ్డ మాత్రం చేతుల్లోంచి ఎగిరి ముందున్న అద్దానికి కొట్టుకుంది. దక్కలేదు. నాడి కోసం వెతికింది చందనే. "గట్టిగనే పట్టుకున్న సిస్టర్, రెండు చేతులల్ల పట్టుకున్న" అని శివమ్మ వచ్చినవాళ్ళందరికీ తన చేతులు చూపించింది. గోడవారగా కూర్చున్న ఆమె అత్త "పిల్లను పట్టుకునుడు రాని తల్లేం తల్లి" అన్నది. పక్కనే ఉన్న మొగుడు తల వంచుకున్నాడే గాని కాదనలేదు.

అంబులెన్సులో పనిచేసే జేమ్స్ ఆ రోజు చందనకు ఒక మాట చెప్పాడు. బండి జోరు మీదుండి ఒక్కసారిగా ఆగితే ఎనిమిది కిలోల పిల్ల ఆ క్షణాన రెండు కందుల సంచులంత బరువైతుందట. పహిల్వాన్‌తో కూడా ఆపడం కాదట. చందన ఆ మాటను మనసులో నుంచి తీసెయ్యలేకపోయింది. తల్లి చేతులు చాలవు. ఇంత సాదా సంగతి తల్లులకు ఎవరూ చెప్పరెందుకు? తల్లి ఒడికి మించిన భద్రం లేదని పొగుడుతారు. పొగిడి, ఆ ఒళ్ళోనే సమస్తం పడేసి, తాము హాయిగా కిటికీ పక్కన కూర్చుంటారు. జారిపడితే తప్పు ఒడిది. బ్రేకుది కాదు, బెల్టు లేని జీపుది కాదు, సీటు ఇవ్వనివాళ్ళది అసలే కాదు. శివమ్మ ఇంక బతికినన్నాళ్ళు తన చేతులను తానే అనుమానించుకుంటూ బతకాలి. అది తలుచుకుంటే చందనకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒళ్ళు మండిపోయేంత కోపం.

కారులో పిల్లలకు కట్టే సీటు ఆమె ఆ నెల జీతంతోనే తెప్పించింది. డబ్బా విప్పిన రోజు ఇంట్లో నవ్వులే నవ్వులు. మామ దానికి సింహాసనమని పేరు పెట్టాడు. గీత ఫొటో తీసి చుట్టాలందరికీ పంపింది. సొంత కారుకు దిక్కులేదు గాని అందులోకి సీటు వచ్చిందని భాస్కర్ తన ఎరువుల దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించాడు. తన పిల్లలంతా సీట్లమీదే పెరిగారా అని ఇంద్రమ్మ. దవాఖానలో హెడ్ నర్సు కూడా, నీ పిల్ల ఒక్కతే పిల్లనా అమ్మా అన్నది. చందన అందరితోపాటు నవ్వేసింది. నవ్వేస్తే జల్దీ అయిపోతుందని ఆడవాళ్ళకు తెలిసిన ఉపాయం. సొంత కారు లేనివాళ్ళకే ఇది కావాలి, ప్రతిసారీ ఎవరిదో అద్దె కారే గదా ఎక్కేది అని చెప్పాలనుకుంది గాని అప్పుడు చెప్పలేదు.

పిండి మీద తడిబట్ట కప్పి, పిల్లను అత్తకు అప్పగించి, సీటు చంకన పెట్టుకుని ఆమె నందీశ్వర్ ఇంటికి నడిచింది. రెండు వీధుల అవతలే. ఇంట్లో కన్నడం మాట్లాడే మనుషులు, ఆయన చందనను తంగీ అని పిలుస్తాడు, వాళ్ళ భాషలో చెల్లె. కారు కడుగుతున్నవాడు సంగతి విని, కట్టుకో తంగీ నాదేం పోతది అన్నాడు. తీరా చూస్తే నడుమ వరుసలో బెల్టులున్నాయి గాని అవి దిగే బకిళ్ళు లేవు. వెతగ్గా వెతగ్గా కొత్త రెక్సిన్ కవరు కింద ఏదో గట్టిగా తగిలింది. కవరు కుట్టినవాడు బకిళ్ళన్నిటినీ లోపల పెట్టి కుట్టేశాడు.

"ఎనక కూసున్నోళ్ళు ఎవ్వరు పెట్టుకోరు తంగీ. కూసుంటే కుచ్చుకుంటున్నయంటరు. నేనే లోపల పెట్టి కుట్టమన్న," అన్నాడు నందీశ్వర్, మంచిపని చేసినవాడిలాగే.

పురిటికి పోయి, చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని, ఈ కుట్టు మీదే కూర్చుని ఇల్లు చేరిన తల్లులు ఎంతమందో. చందన కుట్టు విప్పుతానన్నది. ఆయన కవరును, ఆమెను మార్చి మార్చి చూశాడు. కొత్త కవరు మరి. ఈలోగా లోపల్నుంచి ఆయన భార్య నేహ కత్తెర తెచ్చి చందన చేతిలో పెట్టింది. మొగుణ్ణొకసారి చూసి లోపలికి పోయింది. చందన ఒక్కటి విప్పి ఆగలేదు, ఆ వరుసలోని మూడు బకిళ్ళనూ బయటికి తీసింది. సీటుతో వచ్చిన కాగితంలో రాసినట్టే, పిల్ల మొహం కారు వెనక్కి ఉండేట్టు సీటు పెట్టి, మోకాలితో అదిమి బెల్టు బిగించింది. వదులైందని విప్పి మళ్ళీ కట్టింది. నాలుగోసారికి సీటు పట్టుకుని ఊపితే కారే ఊగింది. అప్పుడు ఇంటికొచ్చి పూరీలు కాల్చింది.

పొద్దున ఏడింటికి కారు వాకిట్లో ఆగింది. సీటు చూడగానే ఇంద్రమ్మ మొహం మాడిపోయింది. ఆమెకు సీటుకన్నా అది తిరిగి ఉన్న దిక్కు మహా కష్టం అనిపించింది. దేవుని దగ్గరికి పోతూ పిల్ల వీపు దేవుని దిక్కా? ఇట్లాంటి అపశకునం తన పుట్టి బుద్ధెరిగి చూడలేదట. పసిపిల్లకు మెడ గట్టిపడదు, బ్రేకు పడితే వీపంతా సీటుకు ఆనాలి, అందుకే వెనక్కి అని చందన ఓపిగ్గా చెప్పింది. దేవునికి వెనకా ముందూ ఉంటుందా అత్తమ్మా అని కూడా అడిగింది. ఆ మాట జగన్నాథ్‌కు నచ్చినట్టుంది, మీసాల్లో నవ్వుకున్నాడు. లెక్క దగ్గరికి వచ్చేసరికి ఆయనా నవ్వు మానేశాడు. కుర్చీకి ఒకటి పోతే మిగిలినవి ఐదు సీట్లు. మనుషులు ఆరుగురు.

భాస్కర్ ఆమెను పక్కకు పిలిచాడు. బావ ముందర పరువు తియ్యొద్దన్నాడు. రాయికోడు మీదుగా పోతే ఎంతసేపు, నందీశ్వర్ మెల్లగానే నడుపుతాడు, ఏం కాదన్నాడు. శివమ్మను జీపెక్కించినవాళ్ళు కూడా ఏం కాదనే ఎక్కించి ఉంటారు. చందన నిలబడ్డ చోటు నుంచి కదలకపోయేసరికి ఇంద్రమ్మే ఉపాయం చెప్పింది. ఈసారి కొడుకు మీదుగా కాదు, సూటిగా కోడలికే.

"కుర్చీ ఉండాల్నంటే ఉండనియ్యి. నువ్వు ఇంట్ల ఉండు. ఎంటికలు మేనమామ ఒళ్ళె తీస్తరు, తల్లితోని ఏం పని?"

ఎవరికీ ఆ మాటలో తప్పు కనబడలేదు. నిజం చెప్పాలంటే లెక్క కుదిరిందన్న నెమ్మది అందరి మొహాల్లోకీ వచ్చింది. గీత ఒక్కతే తల దించుకుని చెప్పులు చూసుకుంది. చందన కాల్చిన పూరీలు కారెక్కాయి. చందన ఉతికి మడతపెట్టిన పిల్ల బట్టలు ఎక్కాయి, పాలసీసా ఎక్కింది, అత్త బీపీ గోళీలు గుర్తుపెట్టుకుని వేసిన సంచి ఎక్కింది. దిగిపోవాల్సింది మనిషి ఒక్కతే. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరగనీ అనుకుంది, తుడుచుకోలేదు. సీటు తీసేస్తే ఈ నీళ్ళు ఆగిపోతాయి, అందరూ మెచ్చుకుంటారు, మంచి కోడలంటారు. సీటు తియ్యదు. దిగదు కూడా.

పిల్లను ఎత్తుకుని కారెక్కింది. సుహాసినిని సీట్లో కూర్చోబెట్టి, రెండు భుజాల మీదుగా పట్టీలు దించి, పొట్ట దగ్గర బకిల్ పెట్టి, వేలు దూర్చి బిగువు చూసింది. పిల్ల కాసేపు మొహం ముడిచి, ఆ తర్వాత పట్టీ కొసను నోట్లో పెట్టుకుని చప్పరించసాగింది. చందన ఆ పక్కనే నడుమ సీట్లో కూర్చుని తన బెల్టు పెట్టుకుంది.

"పిల్ల ఉన్నకాడ నేనుంట," అన్నది. "మా ఇద్దరికి రెండు సీట్లు. ఇంక నాలుగున్నయి. ఎవరెవరు వస్తరో మీరే అనుకోండ్రి."

లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. మామను దింపలేరు, మొక్కు ఆయనది. అత్తను దిగమనే మొనగాడు ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు. ఆడపిల్లను అనలేరు, అల్లుణ్ణి అసలే అనలేరు. ఆ అల్లుడే, పాపం, ఎవరూ చెప్పకముందే వెనక వరుసలోకి దూరి మోకాళ్ళు ముడుచుకున్నాడు. ఇక్కడే మంచిగుందన్నాడు గాని, ఏం మంచిగుందో ఆ మోకాళ్ళకే తెలియాలి. గీత అతని పక్కన సర్దుకుంది. జగన్నాథ్ ముందు ఎక్కాడు. ఇంద్రమ్మ కాసేపు కొడుకు మొహం చూసి, గొణుక్కుంటూ చందన పక్కన వచ్చి కూర్చుంది. తలుపు దగ్గర భాస్కర్ ఒక్కడే మిగిలాడు. అందరూ ఎక్కాక తానొక్కడే కింద మిగలడం అతనికి కొత్త. ఏంచేయాలో తోచక కారులోకి చూశాడు, వాళ్ళమ్మను చూశాడు, ఆఖరికి చందనను చూశాడు.

"మరి నేనెట్ల రావాలె?"

అతని గొంతులో కోపం లేదు, నిజంగానే తెలియక అడుగుతున్నాడు. ఈ ప్రశ్న నాలుగేళ్ళలో తాను ఒక్కసారైనా నోరు తెరిచి అడగలేదు గదా అని చందనకు బాధేసింది. వాకిట్లో గోడవారగా అతని మోటారుసైకిలు నిలబెట్టి ఉంది, నిన్ననే పెట్రోలు పోయించాడు. ఆమెను ఇంట్లో వదిలేసి పోదామనుకున్నప్పుడు ఇంతమందిలో ఒక్కరి కంటికీ అది ఆనలేదు.

"బండి మీద రా," అన్నది చందన. "హెల్మెట్ పెట్టుకో. పిల్లకు తల్లే గాదు, నాయిన సుత గావాలె."