ముందుగా ఇల్లు చేరే నీడ

ఆ పొద్దున కూడా మహీధర్ కంటే ముందు అతని నీడే ఇంటికొచ్చింది. స్పందన తలుపు తీసి, మజ్జిగ గ్లాసు ముందు పెట్టింది. నీడ సోఫా పక్కన చతికిలబడింది.

సింగపూర్‌లోని ఆ సెంగ్‌కాంగ్ పేటలో పరుగుకెళ్ళే వాళ్ళ ఇళ్ళలో ఇది మామూలే. ఒంట్లో బలం సగం ఖర్చు కాగానే నీడ వెనక్కి తిరుగుతుంది. మనిషి కూడా దాని వెంటే వచ్చేస్తాడు. మహీధర్ మాత్రం గంట ఆలస్యంగా వచ్చేవాడు.

ఆ గంట ఎక్కడుంటున్నాడు? పెళ్ళై ఏడాదన్నా కాలేదు. నీడని ఇంటికి పంపేస్తే, ఎవరి పక్కన నడిచినా నేల మీద ఆ పక్కవాళ్ళ నీడొక్కటే పడుతుంది కదా! జడ వేసుకున్న ఆ ఒక్క నీడే స్పందనకి కలలోకొచ్చేది.

"ఇంతసేపు ఎవరితో?" అని అడిగితే, "ఎవరితో ఏంటి, ఒక్కణ్ణే" అని మొహం తిప్పుకుని సీసాడు నీళ్ళూ తాగేసేవాడు. గుమ్మంలోకి రాకముందే దగ్గేవాడు. అది దొంగ దగ్గేమోనని కూడా ఆమెకి అనుమానమే.

ఆ రోజు పై ఫ్లాట్ తారాదేవి ఆంటీ కరివేపాకు కోసం వచ్చింది.

"ఇదేంటమ్మాయ్, నీడ మజ్జిగ తాగుతోంది, మొగుడేడీ?"

"అదే ఆంటీ నా భయం. ఎవరో ఉన్నారు."

"ఎవరున్నారో గానీ వాడి ఒంట్లో ఏమీ మిగల్దు. మా నాన్న ఆయుర్వేదం చూసేవాడు. నుదుటి మీద చెమట పట్టి, నోరెండి, నోటితో ఊపిరి తీసే దాకానే వ్యాయామం అనేవాడు. అక్కడ ఆపితే ఒళ్ళు తేలిక, మంచి ఆకలి, పని మీద హుషారు. దాటితే దాహం, దగ్గు, జ్వరం, ఆఖరికి నెత్తురు పడుతుంది. నువ్వేమో నీడకి మర్యాదలు చేస్తున్నావ్! వెనక్కి తీసుకుపో."

స్పందన చెప్పులేసుకుంది. "పద. ఎక్కడ వదిలేశావో చూపించు."

నీడ లేచింది. లిఫ్టులో ఆమె పక్కనే బుద్ధిగా నిలబడింది. కాలవ గట్టు దాకా తీసుకెళ్ళింది.

అక్కడ మహీధర్ ఒక్కడే పరిగెడుతున్నాడు. పక్కన జడ లేదు, ఎవరూ లేరు. పెదాలు ఎండిపోయాయి, ముక్కు కింద నెత్తురు చార.

"ఎవరి కోసం మహీ ఇదంతా?"

అతను ఆగకుండానే అరిచాడు. "నీకోసమే! రోజూ కిటికీలో నిలబడి, కింద పరిగెత్తే ఆ ఎర్ర చొక్కా వాణ్ణి చూస్తావుగా. వాడు అలిసిపోగా ఎప్పుడైనా చూశావా? నేనూ అలవను!"

"ఎర్ర చొక్కా ఎవడు? నీ నీడ వస్తోందేమోనని చూసేదాన్ని, మొద్దూ!"

మహీధర్ నమ్మలేదు. ఇంకో చుట్టుకి తిరిగాడు. అప్పుడు నీడ జారి వెళ్ళి అతని రెండు పాదాలనీ చుట్టేసింది. కాలు లేవలేదు. గడ్డి మీద కూలబడి, ఆమె చున్నీలో మొహం దాచుకుని, దగ్గు తగ్గేదాకా అలాగే ఉండిపోయాడు.

తర్వాత ఆ నీడ ఒంటరిగా ఎప్పుడూ ఇంటికి రాలేదు. అలుపు రాగానే గట్టునున్న బెంచీ మీద కూర్చునేది. మహీధర్ కూడా దాని పక్కన కూర్చునేవాడు. దగ్గు పోయింది, ఇడ్లీలు రెండు ఎక్కువే తింటున్నాడు.

స్పందన మాత్రం కిటికీ వదల్లేదు. మనిషీ నీడా కలిసి మలుపు తిరిగేదాకా అనుమానంగా చూస్తూనే ఉంటుంది. కింద నుంచి అతనూ ముందు ఆమె చూపు ఎటుందో చూసుకుని, ఆ తర్వాతే చెయ్యి ఊపుతాడు.