గట్టయ్య ఇచ్చిన నెత్తురు

మధ్యాహ్నం రెండున్నరకు ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ అయిందంటే గోదావరిఖని కాలనీలో రోట్లో పచ్చడి దానంతట అదే నూరుకుంటుంది. నమ్మకపోతే మీ ఇష్టం. అలాంటి చోట, గోడకు గోడ ఆనుకున్న క్వార్టర్లలో, పక్కింటి పోపులో ఎన్ని ఆవాలు చిటపటలాడాయో చెప్పగల మనుషుల మధ్య, రమ మూడు వారాలు ఒక్కతే బతికింది.

ఇంట్లో మనుషులు లేక కాదు. బొగ్గుగనిలో పనిచేసే మొగుడు సంపత్ ఉన్నాడు, అత్త సారవ్వ ఉంది, కడుపులో ఐదు నెలల బిడ్డ ఉంది. అయినా ఒక్కతే.

సర్కారు దవాఖానలో గర్భిణులందరికీ చేసినట్టే ఆమెకూ రక్తపరీక్ష చేశారు. సిఫిలిస్ అని తేలింది. అక్కడి నర్సు ఫెబా సిస్టర్ పిలిస్తే ఎక్కడో కాసిపేటలో కోళ్లు లేస్తాయి. ఆ గొంతును ఆరోజు చెవి దాకా తగ్గించి, తలుపు దగ్గరకు వేసి చెప్పింది.

"భయపడకు రమా. గిది తల్లి నుంచి బిడ్డకు పోతది. గట్లనే వదిలేస్తే బిడ్డ కడుపులనే పోవచ్చు. పుట్టినా ఎముకలు, కండ్లు, చెవులు దెబ్బతినొచ్చు. వారానికొకటి మూడు సూదులు పడితే ఆ గండం తప్పుతది. మీ ఆయన్ను గూడ తోల్కరా. ఆయనకు మందు పడకుంటే నీకు మళ్ల అంటుకుంటది. అందాక దూరం పండుకోండ్రి."

మొదటి షిఫ్టు దిగి బొగ్గు కడుక్కుంటున్న సంపత్‌కు రమ ఆ మాట చెప్పింది. అతని చేతిలో చెంబు ఆగిపోయింది. పోయినేడు అతను ఆరు నెలలు కొత్తగూడెంలో డ్యూటీ చేసి వచ్చిన సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది.

"రేపు పోత," అన్నాడు.

మర్నాడు రక్తపరీక్ష చీటీ తెచ్చి తల్లి ముందు పెట్టాడు. "నాకేం లేదట అవ్వా."

సారవ్వకు చదువు రాదు. కొడుకు నోరే ఆమెకు పేపరు. కోడలి గ్లాసు, కంచం తీసి కిటికీలో విడిగా పెట్టింది.

"గ్లాసుతోని అంటదని సిస్టర్ చెప్పిందత్తా," అంది రమ.

"సిస్టర్ మన ఇంట్ల తాగదు గద," అంది సారవ్వ. ఆ తర్వాత మాటలు బందయ్యాయి. బియ్యంలో పురుగు నడిస్తే అడుగుల చప్పుడు వినపడేంత నిశ్శబ్దం.

మొదటి సూదికి రమ ఒక్కతే పోయింది. దారిలో అడిగినవాళ్లకు రక్తం తక్కువుందని, బలం సూదులని చెప్పింది. రెండో గురువారం ఫెబా అడిగింది.

"పరీక్ష మంచిగ వచ్చినా మీ ఆయన సూది ఏయించుకోవాలె. మళ్ల రాలేదేంది?"

"ఏమో సిస్టర్."

"గమ్మతు మనిషి. నుదుటి మీద గింత నీలం మచ్చ, బండ పడ్డా ఏడ్వనన్నడు. సూది చూసి బల్ల ఇరిగేటట్టు పట్టుకున్నడు."

రమ కొంగు సర్దుకుంటూ ఆగిపోయింది. గాయంలో బొగ్గుపొడి ఇంకితే ఆ నీలం చచ్చేదాకా పోదు. సంపత్ నుదురు నున్నగా ఉంటుంది. మచ్చ ఉన్నది అతని దోస్తు గట్టయ్యకు.

ఒకప్పుడు గనిలో దోస్తు డ్యూటీకి రాకపోతే దోస్తే అతని హాజరు, అదే మస్టరు, వేయించేవాడట. వేలిముద్రల మిషన్లు వచ్చి ఆ స్నేహం చెడగొట్టాయి. దవాఖానలో ఆ మిషన్ లేదు. సంపత్ అని పిలిస్తే గట్టయ్య లేచి చెయ్యి చాపాడు.

"ఆయనకు మచ్చ లేదు సిస్టర్," అంది రమ.

ఇంటికొచ్చేసరికి సంపత్ వాకిట్లో బండి తుడుస్తున్నాడు.

"గట్టయ్యన్న నీ మస్టరు ఏసిండట."

సంపత్ చేతిలోని బట్టను పిండాడు. అది పొడి బట్ట.

"నలుగురికి తెలిస్తే గనిల మొహమెట్ల సూపియ్యాలె?"

"నా మొహం ఈ ఇంట్ల ఎవలు సూస్తలేరు. నేను ఉంటలేనా? వచ్చే గురువారం ఆఖరి సూది. నువ్వు రాకుంటే అటే గోలేటి పోత, మా అమ్మతాన ఉంట. బిడ్డ మస్టరు ఏ దోస్తు ఎయ్యడు."

మూడో గురువారం రమ బట్టల సంచి సర్దుకుని దవాఖాన బల్ల మీద కూర్చుంది. ఆ బల్ల రామగుండం ప్లాట్‌ఫారమంత పొడుగు. సంపత్ వచ్చి, ఎవరో పరాయివాడిలా అటు చివర కూర్చున్నాడు. పేరు పిలిచారు. ఎవరైనా లేస్తారేమో అన్నట్టు అటూ ఇటూ చూశాడు. రమ కదల్లేదు. అతనే లేచాడు.

ఈసారి తన నెత్తురే ఇచ్చాడు. అతని చీటీ, రమ చీటీ ఒకటే మాట చెప్పాయి.

ఆ సూది పడిందంటే కుడికాలు ఎడమకాలిని బతిమాలుకుంటూ నడవాలి. గడపలోనే సారవ్వ కొడుకును చూసింది.

"ఏంది బిడ్డా, కుంటుతున్నవ్? గనిల దెబ్బ తాకిందా?"

అవునంటే అయిపోయేది. సంపత్ వెనక్కి తిరిగి, సంచి పట్టుకుని నిలబడ్డ రమను చూశాడు.

"సూది ఏయించుకున్న అవ్వా. రోగం నేనే తెచ్చిన. ఆ చీటీ గట్టయ్యది."

సారవ్వ కిటికీలోంచి గ్లాసు, కంచం తీసి, కడిగి, అందరి గిన్నెల మధ్య పెట్టింది. సంపత్ కుంటుకుంటూ రెండో షిఫ్టుకు పోయాడు.

రెండున్నరకు బ్లాస్టింగ్ అయింది. గిన్నెలు గలగలలాడాయి. వాటిలో తన గ్లాసు ఏదో రమ పోల్చుకోలేకపోయింది. కడుపులో బిడ్డ తన్నింది. చెబుదామని తిరిగితే, సారవ్వ గోడవైపు మళ్లి బియ్యం ఏరుతోంది. రమ సంచి విప్పకుండా మంచం కిందికి తోసి, తన్నిన చోట చెయ్యి పెట్టుకుని కూర్చుంది.