చెయ్యి కలిపే వరస

మాలకీ శవపేటికను హాల్లో కిటికీ పక్కన మూత తీసి పెట్టారు. దాని పక్క కుర్చీల్లో అతని భార్య ఫిలొమీనా, చెల్లెలు నోరీన్ కూర్చున్నారు. అన్నాచెల్లెళ్లకు మాటల్లేక ఏళ్లు గడిచాయి. పొయ్యిలో కాల్చే పీట్ మట్టిగడ్డలు తెచ్చుకునే బండిదారి ఎవరిదన్నది తగువు. బండి పట్టడానికే ఇరుకైన దారికి ఇద్దరూ పట్టిన పంతం మాత్రం ఊరంత. అన్న బతికుండగా ఆ గడప తొక్కని నోరీన్‌కు ఇవాళ తొక్కక తప్పలేదు. రాకపోతే మేయో జిల్లా అంతా నోళ్లు నొక్కుకుంటుంది మరి.

సగం ఊరు వరసలో నిలబడింది. వచ్చినవాళ్లు ఇద్దరి చేతులూ పట్టుకుని గట్టిగా నొక్కి, "మీ కష్టానికి బాధగా ఉందమ్మా" అని చెప్పి, పక్క గదిలో టీ, హామ్ శాండ్‌విచ్‌ల దగ్గరికి పోతున్నారు. ప్రతి నొక్కుకూ నోరీన్ ప్రాణం విలవిల్లాడుతోంది. చూపుడువేలు, మధ్యవేలు మెటికలు వాచిపోయాయి. పాలు పితికే చేతులకు ఇవి మామూలేనని ఆమె అనుకుంది. నీరసం కూడా తోడయ్యాక ఐరన్ టానిక్ మొదలుపెట్టింది.

వరసలో వచ్చిన ఊరి క్లినిక్ నర్సు గ్రాన్యా చెయ్యి నొక్కినప్పుడు నోరీన్ మూలిగింది.

"ఈ రెండు మెటికలేనా, అక్కా?"

"వయసు మీద పడట్లా? నీరసానికి ఐరన్ టానిక్ కూడా తాగుతున్నా."

"వయసు కాదక్కా. మాలకీ అన్నకూ ఇక్కడే మొదలైంది. ఒంట్లో ఇనుము పేరుకుపోయే జబ్బు. కీళ్లు పట్టేస్తాయి, ఆనక కాలేయం పోతుంది. రక్తం తీయించుకుంటూ ఉంటే అదుపులో ఉంటుంది. తోబుట్టువులకూ ఉండొచ్చు, చెప్పమన్నాడు డాక్టరు. నీకు చెప్పేశానని మాలకీ అన్న నాతో అన్నాడే."

మాలకీ తాగి చచ్చాడనుకుంది ఊరు. నోరీన్ కూడా అలాగే అనుకుని, తగిన శాస్తి అని లోలోపల మురిసింది. ఇప్పుడు ఫిలొమీనా వైపు తిరిగింది.

"నీకు తెలుసా, వదినా?"

ఫిలొమీనా తలెత్తలేదు. "తెలుసు. వానలో నీ గేటు దాకా వచ్చాడు. నువ్వు చూసి కర్టెన్ లాగేశావట. ‘అది తలుపు తీస్తే చెప్తా, లేకపోతే దాని ఖర్మ’ అన్నాడు ఇంటికొచ్చి."

"నువ్వైనా చెప్పకూడదా?"

"నన్ను మాత్రం ఏనాడు పలకరించావు, నోరీన్?"

ఆ వాన నోరీన్‌కు బాగా గుర్తుంది. దారి కోసం కాళ్లబేరానికి వచ్చాడనుకుంది. అతను తడిసి వెనక్కి పోతుంటే కర్టెన్ సందులోంచి చూసి, ఆ సాయంత్రమంతా గెలిచినట్టు సంబరపడింది. ఆ సంబరం తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. చెప్పకుండా పోయిన అన్న మీద అంతకంటే ఎక్కువ కడుపు మండింది.

"ముందా టానిక్ ఆపెయ్. ఖననం కాగానే రా, రక్తం చూద్దాం," అంది గ్రాన్యా. తన కాలేయం ఎలా ఉండి ఉంటుందని నోరీన్ అడగబోయింది. గ్రాన్యా అప్పటికే చూపు తిప్పేసుకుంది. వరస ముందుకు జరిగింది.

జపమాల చుట్టిన మాలకీ చేతుల మీద అవే రెండు మెటికలు ఉబ్బి ఉన్నాయి. నోరీన్ వాటినే చూస్తుండగా పొరుగు రైతు ముందుకొచ్చి, ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని నొక్కాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎంతైనా తోడబుట్టినవాడు కదమ్మా," అన్నాడతను జాలిగా.

"అవును, తోడబుట్టినవాడే," అంది నోరీన్. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.